మెట్టు వద్ద

నా రాతలో తప్పులుంటాయి, మన్నించాలి. నేను అక్షరాలు దిద్దింది యాభై నాలుగో ఏట. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఒత్తు పెట్టానో లేదో, దీర్ఘం ఎక్కడ తీశానో చూసుకుంటూ వెనక్కి వెనక్కి పోతుంటాను, అందుకని చదివేవాళ్ళకు విసుగొస్తే ఆ తప్పు కూడా నాదే. అచ్చు వేసేవాళ్ళు తప్పులు దిద్దుతారట. దిద్దుకోమన్నాను. ఒక్కటి మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచమని అడిగాను. దాన్ని కూడా సరిచేసేస్తే నేనెందుకు అంత మండిపోయానో ఎవరికీ అర్థం కాదు.

పది కావస్తోంది. హాల్లో, బాత్‌రూము గుమ్మానికి ఎదురుగా, చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాను. కుర్చీ నాది కాదు, మా అత్త చిట్టెమ్మది. సీటు మధ్యలో గుండ్రటి బెజ్జం ఉంటుంది, మనిషిని కూర్చోబెట్టి తోసుకుంటూ తీసుకెళ్ళి కమోడు మీదికి వెనక్కి జరిపితే చాలు, లేవక్కర్లేదు, దిగక్కర్లేదు, కాలు నేలకు ఆనించక్కర్లేదు అని డాక్టరుగారు చెప్పారు. తోసుకుంటూ తీసుకెళ్ళి. పొద్దున్న మొదటి బస్సు దిగి, మేస్త్రి అప్పాజీ ఇంట్లో తాళంచెవి తీసుకుని తలుపు తీసినప్పటి నుంచీ ఈ రెండు మాటలే నోట్లో తిరుగుతున్నాయి. తోసి చూశాను. వెనక్కి లాగి మళ్ళీ తోశాను. రెండుసార్లూ చక్రాలు మెట్టుకు కొట్టుకుని ఠక్కున ఆగిపోయాయి. పాత బాత్‌రూముకు బెత్తెడు మెట్టు ఉండేది. ఆ బెత్తెడు మెట్టు దిగబోతూనే మా అత్త పడి తుంటి విరగ్గొట్టుకుంది, ఎనభై మూడేళ్ళ మనిషి, నేను పరిగెత్తుకెళ్ళేసరికి చేతిలో చెంబు చేతిలోనే ఉంది, అందులో నీళ్ళు కూడా పూర్తిగా ఒలకలేదు. ఆ మెట్టు తీయించడానికే ఈ పని మొదలుపెట్టాను. ఇప్పుడు దాని స్థానంలో జానెడు మెట్టు ఉంది. నల్ల గ్రానైటు అంచు, అద్దంలా మెరుస్తోంది, అందులో నా మొహం కనిపిస్తోంది. పక్కన గోడకు స్టీలు కడ్డీ, దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

ఇందాక బేబీ ఫోన్ చేసింది. నా కూతురు, భీమవరంలో కాపురం, అక్కడి ఆసుపత్రి వ్యవహారమంతా దాని నెత్తినే పడింది. తొమ్మిదిన్నరకు వ్యాన్ బయల్దేరిందట, పదకొండింటికల్లా ఇక్కడుంటారట. మామ్మ నిన్న సాయంత్రం నుంచీ మంచినీళ్ళు ముట్టలేదమ్మా, దారిలో వస్తే ఎలాగని భయం, ఇంటికెళ్ళి నా బాత్‌రూములో నేనెళ్తానంటోంది అని చెప్పింది. నేను ఊఁ అన్నాను. మెట్టు సంగతి చెప్పలేదు, ఎలా చెప్పను. ఆసుపత్రిలో ఇన్నాళ్ళూ మంచం మీదే, బెడ్‌ప్యాన్ పెట్టించుకుని, పక్క మంచం వాళ్ళ చుట్టాలు కాఫీలు తాగుతూ ఉండగానే, తెర ఉంది కానీ సగం కొక్కేలు ఊడిపోయి వేలాడేది. ఆవిడ మొహం గోడ వైపు తిప్పేసుకునేది. నాలుగో రోజుకి నీళ్ళు తాగడం తగ్గించేసింది. పెదాలు పగిలాయి. ఇలా అయితే కిడ్నీలు పోతాయమ్మా అని డాక్టరుగారు నన్ను కోప్పడ్డారు, నేను గ్లాసు పట్టుకుని బతిమాలితే రెండు గుక్కలు మింగి చాల్లే అనేది. దాహం లేక కాదు, ఆ తర్వాత ఆయాని పిలవాల్సి వస్తుందని. ఇంటికెళ్ళాక తాగుతాలే అనేది. బేబీ వాళ్ళింట్లో ఉందాం అంటే వినలేదు, ఆడపిల్లిచ్చిన ఇంట్లో మంచం ఎక్కి ఉంటానా, నాకేం ఖర్మ అంది. పది దాటి ఐదు నిమిషాలైంది. పదింటికి వస్తానన్నాడు కాంట్రాక్టరు దుర్గాసాయి, రాలేదు.

దుర్గాసాయి మొదటిసారి వచ్చిన రోజు గుర్తొస్తోంది, చెవులు వేడెక్కుతున్నాయి. మా అల్లుడు సురేష్‌బాబు పంపించాడు, మంచి కాంట్రాక్టరు అత్తయ్యా, మా ఫీడ్ కంపెనీ ఎండీగారింటికి చేశాడు అని. ముప్పై ఏళ్ళుంటాయేమో, తెల్ల చొక్కా. గుమ్మంలోనే అడిగాడు, ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా ఆంటీ అని. లేరు, నాతోనే మాట్లాడండి అన్నాను. సరే ఆంటీ అని నన్ను దాటుకుని లోపలికెళ్ళి, గోడ మీద ఎర్ర చుక్క పడే మిషను పెట్టి కొలతలు తీసి, ఫోన్ తీసి మా అల్లుడికి చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉండగా నా బాత్‌రూము సంగతి భీమవరంలో ఉన్న అల్లుడికి చెప్పాడు. నేను మూడుసార్లు చెప్పాను. మెట్టు వద్దండి, కుర్చీ దొర్లాలి, ముసలావిడ. మొదటిసారి ఊఁ అన్నాడు. రెండోసారి ఫోన్లో హోటల్ బాత్‌రూములు చూపించాడు, అద్దాల తలుపు, నడినెత్తి మీద వానలా పడే షవరు, ఇది పెట్టేద్దామాంటీ అని. మూడోసారి హెల్మెట్ పెట్టుకుంటూ నవ్వాడు. “ఏం కావాలో అన్నీ కాయితమ్మీద రాసిచ్చెయ్యండాంటీ, కాయితంలో ఉన్నది ఉన్నట్టు దింపేస్తాం.” ఆ నవ్వు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని నరసాపురం వీధుల్లో తిరిగినదాన్ని, గుమ్మంలో నిలబడి బేరం చేసేవాళ్ళ మొహాలు చూసినదాన్ని, ఏ నవ్వు ఎందుకో నాకు తెలుసు. దీనికి రాయడం రాదులే అనుకున్నాడు. రాయమంటే ఇక నోరు మూసుకుంటుందిలే అనుకున్నాడు.

రాశాను. బేబీని ఆసుపత్రిలో ఉంచి, ఈ పని మాట్లాడటానికి రెండు రోజులు ఇంటికొచ్చినప్పుడు రెండు సాయంత్రాలూ కూర్చుని రాశాను, ముందు పెన్సిలుతో, తర్వాత దాని మీద పెన్నుతో, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని. నా మొగుడు సత్తియ్య ఉండుంటే ఏమనేవాడో తెలుసు. అక్షరాలతో చేపలు పడతావా అనేవాడు. పెద్దవాళ్ళ బడి పెట్టిన చోటు వైపు నేను చూసినా అనేవాడు, ఎన్నిసార్లన్నాడో, వల బాగుచేస్తూ, తల ఎత్తకుండా. ఆయన పోయాక బ్యాంకులో, ఆఫీసుల్లో, ఎక్కడికెళ్ళినా వేలు ఇలా ఇవ్వమ్మా అని బొటనవేలు పట్టుకుని సిరా డబ్బాలో అదిమి కాయితం మీద నొక్కేవాళ్ళు, నా వేలు నా చేతిదే కానట్టు. దినం రోజుకి కూడా ఆ నీలం పోలేదు. చుట్టాలకు వడ్డిస్తుంటే అన్నం ముద్ద పక్కన నా నీలం వేలు కనిపించి అప్పుడే అనుకున్నాను, ఇంక వేలు ఇవ్వను అని. అంగన్‌వాడీలో మధ్యాహ్నం పూట సూర్యకళ టీచరు పెద్దవాళ్ళకు చెప్పేది, పిల్లల చిన్న బల్లల మీద మోకాళ్ళు మడుచుకుని కూర్చునేవాళ్ళం. ఆ అమ్మాయి ఓపిక ఎవరికీ రాదు. కొమ్ము మర్చిపోతున్నారు రత్తమ్మగారూ అనేది, మీకు అన్నీ వచ్చు, కొమ్మే రాదు. కొమ్ము కిందా పక్కనా చిన్న వంకరే కదా, చేప తోక అంత. నేను తోక వదిలేసి చేప గీసేదాన్ని.

ఆ కాయితం దుర్గాసాయి చేతిలో పెడితే ఆశ్చర్యపోయాడు, అది చూశాను, చూసి పొంగిపోయాను, ఆ పొంగు ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యంగా ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాడు, అక్కడ చదవలేదు. తర్వాత నేను ఆసుపత్రికి వెళ్ళిపోయాను, పద్దెనిమిది రోజులు. ఫోన్‌కు ఫొటోలు పంపేవాడు. టైల్స్, లేత నీలం, బాగున్నాయి. కుళాయి, మెరుస్తోంది. కమోడు, మూతతో. అన్నీ లోపల నిలబడి తీసిన ఫొటోలు, గుమ్మం వైపు ఒక్కటీ లేదు, అది నాకు తట్టలేదు. నర్సు ఇంజెక్షను ఇస్తుంటే, అత్త చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చూసి, బేబీ నేర్పిన బొటనవేలి బొమ్మ నొక్కాను. ఒకసారి కాదు, ఐదుసార్లు. వేలు ఇవ్వనని యాభై నాలుగేళ్ళకు అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఐదుసార్లు వేలు ఇచ్చాను, సిరా కూడా అంటలేదు.

పది ఇరవై. పొద్దున్న అప్పాజీకి ఫోన్ చేసి ఇదేంట్రా అని అరిస్తే, కాయితం ప్రకారమే చేశామమ్మా, లోపల గోడకే ఉంది చూసుకోండి అన్నాడు. అప్పాజీ మా ఊరివాడే, వాళ్ళమ్మా నేనూ కలిసి చేపలమ్మాం. వాడి మాట నమ్మలేదు, ఇప్పటిదాకా లేచి చూడలేదు కూడా. ఇప్పుడు లేచాను. మెట్టు ఎక్కడానికి మోకాలు సహకరించలేదు, ఆ కడ్డీయే పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది, కడ్డీ గట్టిగా ఉంది, అది ఇంకా మంట. కిటికీ పక్కన మేకుకు గుచ్చి ఉంది నా కాయితం, సిమెంటు మరకలతో, ఒక మూల తడిసి. నా అక్షరాలు. ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాను. కూర్చునే కమోడు. జారని బండలు. మెట్టు వద్ద. పట్టుకునే కడ్డీ. వేడినీళ్ళ కుళాయి. మళ్ళీ చదివాను. మెట్టు వద్ద. వద్దు అని రాశాననుకున్నాను, ఇప్పటికీ నా చెయ్యి ఆ కొమ్ము గీసినట్టే నాకు గుర్తుంది, కానీ కాయితంలో లేదు, వెతికాను, సిమెంటు మరక కింద ఉందేమోనని గోటితో గీకాను, లేదు. మెట్టు వద్ద పట్టుకునే కడ్డీ. రెండు వరుసలూ కలిపి చదివితే ఎంత చక్కగా అర్థమవుతోందో. మెట్టు పెట్టు, దాని దగ్గర కడ్డీ పెట్టు అని మా అత్త తుంటికి నేనే నా చేత్తో రాసిచ్చాను.

కమోడు మూత మీద కూర్చుండిపోయాను. సూర్యకళ మీద కోపం వచ్చింది, ఇంకో పదిసార్లు తిట్టి ఉండకూడదా అని. సత్తియ్య మీద వచ్చింది, బతికున్నప్పుడే నేర్చుకోనిచ్చి ఉంటే నా కొమ్ములు ఈపాటికి కుదురుకునేవి కదా అని. నా చేతి మీద వచ్చింది, ఈ లావుపాటి వేళ్ళ మీద, చేప పొలుసు గీకడానికి తప్ప పనికిరాని వేళ్ళు అని నన్ను నేనే తిట్టుకున్నాను, ఆ తిట్టు సత్తియ్య గొంతుతో వినిపించి ఆగిపోయాను. ఆగి ఇంకోసారి ఆ మాట పైకి అనుకుని చూశాను. వద్ద. ఎవరంటారు ఈ మాట మా ఊళ్ళో. పుట్టి బుద్ధెరిగాక నా నోటెంట వద్ద అనే మాట వచ్చిందా. రేవు కాడ అంటాం, బస్టాండు దగ్గర అంటాం. వద్ద అనేది పుస్తకంలో ఉంటుంది, బావి వద్ద చెట్టు ఉన్నది అని, రైలు గేటు బోర్డు మీద ఉంటుంది. మాకు వద్దు ఒక్కటే ఉంది, అది ఉన్నదే అడ్డంపడటానికి. అప్పాజీ నా చేతి చేప తిని పెరిగినవాడు, నా నోటి మాట వాడికి తెలియదా, ఈవిడ వద్ద అని ఎందుకు రాస్తుంది అని ఒక్క క్షణం ఆగి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయాడా. మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి అరవలేదు. నిజం చెప్పరా అన్నాను. కాసేపు నసిగి చెప్పాడు. “అనుమానం వచ్చిందమ్మా, మెట్టు వద్దంటారేమోనని. సారుని అడిగేను. కాయితంలో ఏముందో అదే చెయ్, నేల తవ్వొద్దు, పాతదాని మీదే పైపులు పరిచేసి పోసెయ్ అన్నాడు.”

అదీ సంగతి. పాత నేల పగలగొట్టి, కింద పైపులు వేసి, నీళ్ళు పోయే వాటం చూసుకుని మళ్ళీ పోస్తే పని ఎక్కువ. పాతదాని మీదే పైపులు పరిచి పైన కాంక్రీటు పోసేస్తే పని తక్కువ, నేల జానెడు లేస్తుంది, లేచిన నేలకు మెట్టు కావాలి. నా కొమ్ము లేకపోవడం అతనికి దొరికింది, అంతే. నేను కొమ్ము పెట్టి ఉంటే ఇంకేదో దొరికేది. మాది మొగల్తూరు, పల్లపు నేల, అసలే ఈ ఊళ్ళో కింద నీరు పైకే ఉంటుందండీ అంటాడు, అనబోయే మాట నాకు ముందే వినిపిస్తోంది. నీళ్ళ సంగతి నాకు చెబుతాడా. మార్కెట్లో చేపలు కడిగిన నీళ్ళు కాలవలోకి పోవాలంటే బండకు ఎంత వాటం ఇవ్వాలో ముప్పై ఏళ్ళు చూశాను, వేలెడు చాలు, వేలెడు వాటం ఉంటే పొలుసుతో సహా నీళ్ళు పోతాయి. మనుషులకు జానెడు మెట్టు కావాలి, నీళ్ళకు కాదు. మనుషులకు కూడా అక్కర్లేదు.

ఆ నీలం టైల్స్ మధ్య కూర్చుంటే, ఎక్కడెక్కడో దాచిపెట్టుకున్నవన్నీ వచ్చాయి. నేను కాపురానికొచ్చినప్పుడు ఈ ఇంట్లో దొడ్డి లేదు, ఊళ్ళో సగం ఇళ్ళకు లేదు. తెల్లారకముందే సరుగుడు తోటల అవతలికి, ఇసక మేటల వెనక్కి వెళ్ళాలి. నాకు పదిహేడేళ్ళు, సిగ్గుతో కడుపు బిగబట్టుకుని మూడు రోజులు ఉండిపోతే కడుపునొప్పి వచ్చింది. మా అత్త చిట్టెమ్మ నోరు చాలా చెడ్డది, నా వంటకు వంక పెట్టేది, నా పుట్టింటికి వంక పెట్టేది, నేను వల ముడి వేస్తే విప్పేసి మళ్ళీ వేసేది. ఆ మనిషే ఆ రోజు నా చెయ్యి పట్టుకుని ఇసక మేట వెనక్కి తీసుకెళ్ళి, తన చీర చెంగు రెండు చేతులతో అటూ ఇటూ చాపి, నాకు వీపు పెట్టి నిలబడింది. పడవల వైపు వెళ్ళేవాళ్ళు కనిపిస్తే చాలు, మా కోడలుంది, అటు తిరిగి నడవండ్రా అని అరిచేది. నాకు చచ్చిపోవాలనిపించేది, అరవకత్తా అనేదాన్ని. అరవకపోతే చూస్తారే అనేది. ఏడాది పైన అలా నిలబడింది, వానలో కూడా. అప్పట్లో నాకు గోడంటే మా అత్త చెంగే. అలాంటి మనిషి చిరిగిన తెర వెనక గోడ వైపు మొహం తిప్పుకుని పడుకుంటే నేను చూశాను, పద్దెనిమిది రోజులు, ఏమీ చెయ్యలేక, ఇంటికెళ్దాం అత్తా, ఇంటి దగ్గర నీకు బాగా చేయించాను అని చెప్పి చెప్పి. నీ అంతట నువ్వే వెళ్ళొచ్చు అని చెప్పి.

పదీ నలభైకి బండి చప్పుడైంది. అదే తెల్ల చొక్కా, లేక అలాంటిదే ఇంకోటి. ఏంటాంటీ అంత కంగారుపడిపోయారు అంటూ చెప్పులతో హాల్లోకి వచ్చాడు. నేను కుర్చీ తోశాను. ఠక్కున ఆగింది. ఒక చెక్క వేసుకుంటే ఎక్కిపోద్దండి అన్నాడు. జానెడు ఎత్తుకు చెక్క వేస్తే కుర్చీ మనిషితో సహా వెనక్కి దొర్లుతుంది, వేసి మీరు కూర్చోండి, నేను తోస్తాను అన్నాను. కూర్చోలేదు.

“మీరే రాశారు కదండీ, మెట్టు దగ్గర కడ్డీ పెట్టమని. పెట్టేం. ఫొటోలకి థంబ్ కూడా పెట్టేరు.”

దగ్గర అన్నాడు. అతని నోట్లో కూడా వద్ద లేదు. మేకుకున్న కాయితం తెచ్చి చేతిలో పెట్టి, చదవండి అన్నాను. పట్టుకున్నాడు, చూశాడు, అటు తిప్పి ఇటు తిప్పాడు. చదవండి దుర్గాసాయిగారూ, మూడో వరుస. చెవులు ఎర్రబడ్డాయి.

“అప్పాజీ చదివాడండి. నాకు తెలుగు చదవడం అంత రాదాంటీ. మాది చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియం.”

నాకు జాలి వేసి ఉండాల్సింది. చదవడం రానివాళ్ళ చెవులు ఎలా ఎర్రబడతాయో నాకంటే ఎవరికి బాగా తెలుసు. జాలి రాలేదు, ఒక్క చుక్క కూడా రాలేదు. చదవడం రాని మనిషి నన్ను రాయమన్నాడు. నేను రెండు సాయంత్రాలు నాలుక కరుచుకుని రాసింది జేబులో పెట్టుకుపోయాడు. మరి నన్నెందుకు రాయమన్నారు అని అడిగాను.

“అందరికీ అలాగే చెప్తామండి,” అన్నాడు, దాపరికం లేకుండా, అలవాటైన మాటలాగా. “ఎవరూ రాసివ్వరు.”

కొమ్ము మర్చిపోయింది నేను, అది నా తప్పు, పదిమందిలో అయినా ఒప్పుకుంటాను అన్నాను. మూడుసార్లు నోటితో చెప్పింది ఏమైంది. నేల తవ్వొద్దని అప్పాజీకి చెప్పింది నా కొమ్మా, మీరా. తవ్వితే ఇంకో పది రోజులు పట్టేదండి, అసలే ఈ ఊళ్ళో కింద నీరు, అని మొదలుపెట్టాడు, నేను అనుకున్న మాటే, అక్షరం తేడా లేకుండా. ఆ మాట సగంలో ఉండగానే వాకిట్లో వ్యాన్ ఆగింది.

డ్రైవరూ బేబీ కలిసి అత్తను దింపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆసుపత్రి వాసన, నూనె లేని జుట్టు, పెదాలు తెల్లగా. నన్ను చూసి ముందు అన్న మాట, తొందరగా తీసుకెళ్ళవే, దారంతా బిగబట్టుకున్నాను. తోశాను. ఆగింది. ఏమే, ఆగిపోయావేంటి అంది. వంగి చూసింది. మెట్టు చూసింది, కడ్డీ చూసింది, నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆవిడ మొహం నెమ్మదిగా గోడ వైపు తిరిగింది. ఆసుపత్రిలో తిరిగినట్టే.

అప్పుడు నాకు ఏ మాటా వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. చెప్పులు విప్పి ఆ పక్క పట్టుకోండి అన్నాను దుర్గాసాయితో. నేనా అన్నాడు. డ్రైవరు బయట వ్యాన్ తిప్పుకుంటున్నాడు. మీరే అన్నాను. విప్పాడు. ఎడమ పక్క అతను, కుడి పక్క నేను, వెనక బేబీ. మా అత్త బరువేమీ లేదు, ఎండిన సరుగుడు కొమ్మంత, ఆ ఇనుప కుర్చీదే బరువంతా. మెట్టు మీదికి ఎక్కించేటప్పుడు కుర్చీ ఒక పక్కకు ఒరిగింది, మా అత్త భయపడి చప్పున అతని మెడ పట్టుకుంది, గట్టిగా, రెండు చేతులతో. అలాగే లోపల దించాం. కమోడు మీదికి జరిపి, అతన్ని బయటకు పంపి తలుపు వేశాను. తలుపు బాగుంది, గొళ్ళెం బాగుంది, అది ఒప్పుకోవాలి. నీళ్ళు పోసి, తుడిచి, చీర సర్ది, తలుపు తీసేసరికి దుర్గాసాయి బండి తాళం చేతిలో పట్టుకుని గుమ్మం వైపు నడుస్తున్నాడు, బేబీ దారికడ్డంగా నిలబడి ఉంది. మళ్ళీ దింపాలి కదండీ అంటోంది. వచ్చి పట్టుకున్నాడు. దింపాం. తెల్ల చొక్కా వీపుకంటుకుపోయింది, కాలరు మీద మా అత్త వేళ్ళ మడతలు.

మా అత్త పమిట సర్దుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఎవరబ్బాయివి నాయనా అని అడిగింది. చెప్పాడు. తల ఊపింది.

“నెమ్మదిగా ఎత్తావు, చల్లగా ఉండు. పొద్దున్న ఐదింటికల్లా వచ్చెయ్, నాకదే అలవాటు. మళ్ళీ తొమ్మిదింటికోసారి. పగలు మధ్యలో ఎప్పుడొస్తదో చెప్పలేను, ఇక్కడే అరుగు మీద ఉందువుగాని.”

బేబీ మొహం కొంగులో దాచుకుంది. నాకు నవ్వు రాలేదు. మా అత్త మొహంలో కూడా నవ్వు లేదు, నిజంగానే అడిగింది, మనిషిని పురమాయించినట్టు, మంచం ఎటు వెయ్యాలో చెప్పినట్టు. దుర్గాసాయి నా వైపు చూశాడు. ఐదంటే ఐదేనండి, ఆవిడ ఆపుకోలేదు అన్నాను. అక్కడే, మా ముగ్గురి ఎదురుగానే అప్పాజీకి ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే బ్రేకరు తీసుకురా, నేలంతా లేపెయ్యాలి, కింద తవ్వి వేద్దాం అన్నాడు. అవతల అప్పాజీ ఏదో అడిగాడు. “కాయితం లేదు, ఏం లేదు. ఆవిడ చెప్పినట్టు చెయ్యి.”

మర్నాడు ఐదుంబావుకు వచ్చాడు, ఎత్తాడు, దింపాడు. మా అత్త పావుగంట ఆలస్యమైందని చీవాట్లు పెట్టింది. ఎనిమిదింటికి బ్రేకరు మోత మొదలయ్యాక ఆవిడను ఇంట్లో ఉంచడం కుదరలేదు, ఆడపిల్లిచ్చిన ఇంట్లో మంచం ఎక్కనన్న మనిషిని అదే వ్యాన్ మళ్ళీ పిలిపించి ఆ ఇంటికే తీసుకెళ్ళాల్సి వచ్చింది. అందుకని నా కోపం తగ్గలేదు, తగ్గిందని ఎవరైనా అంటే నమ్మకండి.

కొల్లాటి రత్తమ్మ, అరవై రెండేళ్ళు. సొంత ఊరు మొగల్తూరు. అక్కడ నేల ఆరేదాకా ఉంటున్నది భీమవరంలో, కూతురింట్లో.